నొప్పి చేసే పనులు

మా పిన్ని ఇంగ్లీషులో నొప్పికి ఒకటే మాట ఉండేది: పెయిన్. ఎక్కువైతే వెరీ పెయిన్. పళ్ల డాక్టరుకు మన భాష రాదు. ఆ ఒక్క మాట పట్టుకునే ఆయన పిన్ని అత్తగారికి కుడివైపు దవడపన్ను పీకేశాడు. తర్వాత దాని పక్కదీ పీకేశాడు. నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది. సోమవారం వస్తే మూడోది తీస్తానన్నాడు.

"పళ్లయిపోయాక దవడ తీస్తాడు కాబోలు," అంది అత్తగారు.

పిన్ని ఇంట్లోనే బట్టలు ఆల్టర్ చేసేది. ఎవరైనా వచ్చి "ఇక్కడేదో తేడాగా ఉందండీ" అంటే ఊరుకునేది కాదు. లాగుతోందా, పట్టేస్తోందా, జారుతోందా అని అడిగి, అది తేలాకే కత్తెర అందుకునేది. ఆ రోజు మిషను ఆపి, అత్తగారి ముందు కూర్చుని తన చెయ్యి చాపింది.

"మీ నొప్పి ఏం చేస్తుందో దీనిమీద చేసి చూపించండి అత్తయ్యా."

"ఇన్నాళ్లకు అవకాశమిచ్చావు," అంది ఆవిడ.

మణికట్టు నొక్కి వదిలింది, నొక్కి వదిలింది. ఇది కాదంది. గిల్లింది. అదీ కాదంది. కాసేపు ఆలోచించి, మణికట్టు నుంచి మోచేతి దాకా గోటితో చర్రున ఒక్క గీత గీసి చెయ్యి తీసేసింది. "ఇదిగో, ఇలా. వచ్చిందనుకునేలోపే పోతుంది. మళ్లీ వస్తుంది."

పిన్ని మేడమీది టీచరుగారింటికి వెళ్లింది.

"మీ చెయ్యోసారి ఇవ్వండి. నేనొకటి చేస్తాను, దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో చెప్పండి."

"నేను లెక్కల టీచర్నమ్మా," అంటూనే ఆవిడ చెయ్యిచ్చింది. నొక్కి వదిలితే థ్రాబ్ అంది. గిల్లితే పించ్ అంది. గోటిగీతకు మాత్రం మాట తట్టలేదు. "ఇంకోసారి గియ్యి," అని కళ్లు మూసుకుంది. అప్పటికీ రాలేదు. సాయంత్రం తనే కిందికి దిగొచ్చి, "షూట్స్," అని చెప్పి వెళ్లింది.

తెచ్చుకున్న మాటల్ని పిన్ని కాగితం మీద పెట్టలేదు. మిషను తొక్కుతూ మధ్యలో ఆగి, చేతిమీద నొక్కుకుంటూ థ్రాబ్ అనుకునేది, గిల్లుకుంటూ పించ్ అనుకునేది. ఆదివారానికి ఎడమచెయ్యి కందిపోయింది.

"రేపు డాక్టరుకు చూపించాల్సింది ఎవర్ని?" అన్నాడు బాబాయి.

సోమవారం అత్తగారు కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచింది. డాక్టరు సూది మందు సిద్ధం చేస్తున్నాడు. పిన్ని గొంతు సవరించుకుంది.

"డాక్టర్. ఇట్ డజ్ నాట్ థ్రాబ్." నొక్కి వదిలి చూపించింది. "ఇట్ డజ్ నాట్ పించ్." ఆ తర్వాత తన చెంప మీద చెవి దగ్గర్నుంచి గడ్డం దాకా వేలు దూసింది. "ఇట్ షూట్స్."

డాక్టరు సిరంజి చేతిలోనే ఉంచుకుని ఆమె వైపు తిరిగాడు. నిద్రలో వస్తుందా అని అడిగాడు. నో అంది. ఎప్పుడు వస్తుందన్నాడు.

"విండ్ టచెస్, ఇట్ షూట్స్. వాటర్ టచెస్, ఇట్ షూట్స్."

ఆయన సిరంజి ట్రేలో పెట్టేశాడు. దూదిని సన్నగా మెలిపెట్టి, దాని కొసతో అత్తగారి చెంపను ఆనీ ఆననట్టు తాకాడు. ఆవిడ ఒళ్లంతా ఎగిరిపడింది. ఆయన క్షమించమన్నట్టు చెయ్యెత్తి, పిన్నికి అర్థమయ్యేలా ఒక్కో మాటే మెల్లగా చెప్పాడు. ఇది పంటిది కాదట, ముఖంలో ఉండే నరానిదట. నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాలట. దీనికి మందుందట.

బయటికొచ్చాక అత్తగారు కొంగు చెంపకు తగలకుండా ఎత్తి పట్టుకుని నడిచింది.

"ఆయనతో అంతసేపు ఏం మాట్లాడావే?"

"మీమీద చాడీలు చెప్పాను."

"మరి పన్ను?"

"మిమ్మల్నే ఉంచుకోమన్నాడు."

ఆవిడ ఆగి, నాలుకతో ఆ పంటిని ఒకసారి తడిమి చూసుకుంది.