కాపలా దిగని బాబాయి

మా మేడ మీది పోర్షన్‌లో అద్దెకుండే బాబాయి పోయిన మంగళవారం పొద్దున చనిపోయాడు. గేటు దగ్గర కుర్చీలో కూర్చుని టీ తాగుతూ తాగుతూనే పక్కకు ఒరిగిపోయాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే అంతా అయిపోయింది. గుండె అన్నారు. ఆ గుండె ఎప్పటి నుంచి అలిసిపోతూ వచ్చిందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆయన మాకు చుట్టం కాదు. గురజాల అవతల ఒక పల్లెలో మిరప, పత్తి వేసుకునే రైతు. ఓట్ల లెక్కింపు అయిన మర్నాడు ఆ ఊళ్ళో గొడవలు లేచాయి. గెలిచినవాళ్ళు బైకుల మీద వచ్చి ఓడినవాళ్ళ ఇళ్ళ మీద రాళ్ళేశారు, తలుపులు పగలగొట్టారు. బాబాయి పోటీ చేసినవాడు కాదు, జెండా మోసినవాడూ కాదు. అన్నదమ్ములు ఎటు ఉంటే తనూ అటే, అంతే. పిన్నిని వెంటబెట్టుకుని కట్టుబట్టలతో పొలాలకు అడ్డంపడి నరసరావుపేట చేరాడు. పిల్లలు లేరు వాళ్ళకు.

"నాలుగు రోజులుండి పోతామమ్మా, గొడవ సద్దుమణిగిందాకా" అని మా మేడ మీద దిగారు. ఆ నాలుగు రోజులు ఏళ్ళయ్యాయి.

నేను రొంపిచెర్లలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి గోడకు వీపు ఆనించి, వీధి రెండువైపులా కనబడేలా కుర్చీ వేసుకుని బాబాయి ఉండేవాడు. "నువ్వొచ్చిందాకా గేటు వెయ్యబుద్ధి కాలేదమ్మా" అనేవాడు. మా ఆయన వచ్చాడా, పాప ట్యూషన్ నుంచి వచ్చిందా, అన్నీ చూసుకుని గాని లేచేవాడు కాదు. మా నాన్న పోయాక నా కోసం అలా ఎదురుచూసిన మనిషి ఇంకొకరు లేరు. అది మా మీద ప్రేమే అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ ప్రేమ ఒక్కటే కాదని మెల్లగా తెలిసింది. వంటింట్లో మూత జారిపడినా దిగ్గున లేచి నిలబడేవాడు. సందులోకి రెండు బైకులు కలిసి తిరిగితే, అవి దాటిపోయేదాకా మాట మధ్యలోనే ఆగిపోయేది.

ముందు కడుపులో మంట మొదలైంది. తర్వాత బీపీ, ఆ తర్వాత షుగరు. చేతుల మీద దద్దుర్లు లేచి గోకి గోకి పుండ్లయ్యేవి.

"ఊళ్ళో ఉన్నప్పుడు జొరం మాత్ర కూడా మింగిన మనిషి కాదే" అని పిన్ని నాతో అనేది. "ఇప్పుడు అన్నం కంటే మాత్రలే ఎక్కువ తింటుండాడు."

ఏ డాక్టరు "టెన్షన్లేమైనా ఉన్నాయా?" అని అడిగినా ఆయన జవాబు ఒకటే. "టెన్షనేందండీ, పనేపాటా లేకుండా ఊరకనే కూర్చునుండా గదా." ఒకసారి బయటికొచ్చాక మాత్రం నాతో అన్నాడు: "పొలం ఊరకుంటే గడ్డి మొలిచిద్దమ్మా. మనిషి ఊరకుంటే ఆలోచన మొలిచిద్ది. గడ్డయితే పీకొచ్చు."

చివరికి బతిమాలి గుంటూరులో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మంచివాడు, ఓపికగా విన్నాడు. "ప్రమాదం పోయినా మీ ఒంటికి ఆ సంగతి తెలియలేదు. అది ఇంకా కాపలా కాస్తోంది. కాపలా కాసీ కాసీ ఒళ్ళు అరిగిపోతుంది" అని చెప్పాడు.

బాబాయి అడిగాడు. "ప్రమాదం పోయిందని మీకెవరు చెప్పారండీ?"

డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. అవి వేసుకుంటే మత్తుగా ఉంటుందనీ, మత్తులో ఉంటే గేటు ఎవరు చూస్తారనీ బాబాయి కొన్నాళ్ళకే మానేశాడు.

ఆయనకున్న మందల్లా బస్టాండే. రోజూ పొద్దున్నే తయారై వెళ్ళి, వాళ్ళ ఊరి బస్సు ఆగే చోట నిలబడేవాడు. బస్సు మాత్రం ఎక్కేవాడు కాదు. దిగినవాళ్ళలో తెలిసిన ముఖం కనబడితే వాన పడిందా, కాయ ఎర్రబడిందా అని అడిగేవాడు. తిరిగొచ్చాక పిన్నికి అవన్నీ చెబుతుంటే గొంతులో కాస్త ప్రాణం ఉండేది. ఆ పూట మజ్జిగన్నం నాలుగు ముద్దలు ఎక్కువ దిగేది.

ఈ వేసవిలో పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. ఊళ్ళోకి రావచ్చు, పొలం చేసుకోవచ్చు అన్నారు. బాబాయి చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. పాపకు జామెట్రీ బాక్సు కొనిచ్చాడు. లారీలో సామాను ఎక్కిస్తుంటే నేను ఏడ్చాను, ఆయన నవ్వాడు.

నెల తిరక్కుండా ఇద్దరూ అదే సామానుతో మా గేటు ముందు దిగారు. ఎవరైనా ఏమన్నా అన్నారా అని అడిగాను.

"ఎవరూ ఏమన్లేదమ్మా. మంచిగానే పలకరించారు. మా ఇంటి తలుపు పగలగొట్టినోడే టీ తాగమని పిలిచాడు, తాగి వచ్చా" అన్నాడు. "ఊరు ఇచ్చారు. నిద్ర ఇయ్యలేదు."

ఆ తర్వాత ఆయన బస్టాండుకు వెళ్ళలేదు. వానలు మొదలైనా ఎవరినీ అడగలేదు. ఊరికి పోతే అంతా బాగయిపోతుందన్న ఆశే ఇన్నాళ్ళూ ఆయన్ను నిలబెట్టిందని అప్పుడు అర్థమైంది. పోయి చూసి వచ్చాడు కాబట్టి ఇక ఆ ఆశ కూడా లేదు. నేనేం చెప్పినా తలూపేవాడు.

దహనం ఊళ్ళోనే చేయాలని అన్నదమ్ములు పట్టుబట్టారు. మేమూ వెళ్ళాం. అవతలి పక్షం వాళ్ళూ వచ్చారు, అందరికంటే పెద్ద దండ వాళ్ళే తెచ్చారు. డప్పులు పిలిపించారు. పాడె ఎత్తబోతుండగా వాళ్ళలో ఒకతను, పోయినవాడికి మర్యాదగానే, వాకిట్లో టపాసుల సరం పరిచి అంటించాడు.

అప్పటిదాకా కదలకుండా కూర్చున్న పిన్ని ఒక్క ఉదుటున బాబాయి మీదికి వంగి, రెండు అరచేతులతో ఆయన చెవులు మూసింది.

"చేతులు తియ్యమ్మా, పాడె లేవాల" అన్నారెవరో.

సరం మొత్తం పేలి, పొగ తేలిపోయేదాకా ఆమె తియ్యలేదు.