అమ్మకు దొరసాని రాసిచ్చిన చిట్టీ

మొన్న మధ్యాహ్నం నేను అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటే, డిగ్రీ చదివే మా మనవరాలు పాతకాలపు ఇంగ్లీషు పాఠమొకటి ముందేసుకుని, మాటలన్నీ తెలిసినవే అయినా వాక్యం ఎటు పోతున్నదో పట్టుబడక, రాసినవాడు మెచ్చుకుంటున్నాడో తిడుతున్నాడో తెలియడం లేదని వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ మాట చెవిన పడగానే నాకు ఎప్పటిదో సంగతి మళ్లీ గుర్తుకొచ్చింది. నేను చదివింది రెండో తరగతి, అదీ సగమే. నాకు వచ్చిన ఇంగ్లీషు వాక్యం ఒక్కటే. ఆ ఒక్కదాని మూలంగా ఒక మనిషిని నేను ఇన్నేళ్లుగా క్షమించలేకపోయాను. నా ఈడువాళ్లకు ఇలాంటి పగ ఒకటైనా ఉండే ఉంటుందన్న ధైర్యంతో చెప్పుకుంటున్నాను.

మా అమ్మ ఈ మెదక్‌లోనే ఒక తెల్లదొరసాని బంగళాలో ఆయాగా ఉండేది. దొరసాని మాట కరుకు, చెయ్యి మెత్తన. గుడ్డు ఉడకడానికి కూడా గోడ గడియారం చూసే మనిషి, మా అక్కకు అమ్మవారు పోసినప్పుడు మాత్రం గడియారం సంగతి మరిచి మా గుడిసె ముందు పొద్దంతా కూర్చుంది. ఆమె తన దేశానికి తిరిగి వెళ్లిపోతూ అమ్మకు ఒక చిట్టీ రాసిచ్చింది. బంగళాల్లో పనిచేసినవాళ్లకు అప్పట్లో ఆ చిట్టీయే దిక్కు, అది చూపిస్తేనే మరోచోట పని దొరికేది. అమ్మ దాన్ని మైనపుగుడ్డలో చుట్టి పెళ్లిచీర మడతల్లో దాచుకుంది.

అప్పటికి మా నాయన దగ్గుతో మంచం పట్టి ఏడాది దాటింది, ఇంట్లో నలుగురం పిల్లలం. ఊళ్లోనే ఒక ఆడపిల్లల హాస్టల్లో ఆయా పని ఖాళీ అయిందని విని, అమ్మ నన్ను వెంటబెట్టుకుని చిట్టీతో పోయింది. అక్కడి గుమాస్తా మాకు పరాయివాడు కాదు, అమ్మకు పెదనాన్న కొడుకు, నాకు మేనమామ వరుస. మా వాడ మొత్తానికి ఇంగ్లీషు వచ్చినవాడు ఆయనొక్కడే కాబట్టి ఎవరికి ఏ కాగితం వచ్చినా ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. బంగళా పని తన భార్యకు రాకుండా మా అమ్మకు వచ్చిందన్న కోపం ఆయనకు లోపల ఉండనే ఉంది.

వరండాలో పనికోసం వచ్చిన ఆడవాళ్లు పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. మామ చిట్టీని గొంతెత్తి చదువుతూ చదువుతూ ఒకచోట ఆగాడు. మళ్లీ చదివాడు. ‘ఐ కెనాట్ స్పీక్ టూ హైలీ ఆఫ్ హర్.’ మూడోసారి పెదవులతో మాత్రమే చదువుకున్నాడు. తర్వాత తలెత్తి అమ్మను కాకుండా ఆడవాళ్లను చూసి నవ్వాడు.

"ఇగో, వినుండ్రి. ఈమె గురించి గొప్పగ చెప్పలేనని దొరసానే రాసింది. బంగళాల జేసిన్నని మస్తు ఎచ్చులు పోతుండె గదా!"

ఆ వారంలోనే ఆ పని ఆయన మరదలికి దక్కింది. అమ్మ కౌడిపల్లి వైపు నాట్లకు పోసాగింది. నల్లా దగ్గరికి బిందెతో పోతే, "గొప్పగ చెప్పలేనామె వచ్చింది, జర జరుగుండ్రి" అని దారి ఇచ్చేవాళ్లు. అన్నిటికంటే నాకు నొప్పి కలిగించింది, అమ్మ కూడా ఆ మాట నమ్మి దొరసానిని శాపనార్థాలు పెట్టడం. నాయన ఆ వానాకాలం దాటలేదు. పని దొరికి ఉంటే దాటేవాడని నేను అనను. కానీ మందు సీసా అడుగంటిన ప్రతిసారీ అమ్మ ముఖం ఎలా అయ్యేదో చూసినదాన్ని నేనే.

నాయన పోయిన కొన్నాళ్లకు, చేటలో బియ్యం ఏరుతున్న అమ్మ చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది. మరునాడు పొద్దున్నే చిట్టీ తీసుకుని, నా రెక్క పట్టుకుని, మళ్లీ ఆ వరండా ఎక్కింది.

"మెచ్చనోళ్లకు దొరసాని కాయితమే ఇయ్యదన్నా. శక్కర దొంగిలిచ్చిన వంటోడు కాళ్లమీద పడి ఏడ్చినా చిట్టీ రాయలే, ఉత్తచేతులతోటి తోలింది. నన్ను మెచ్చకుంటే నాకెందుకు రాసిస్తది?"

"బడి మొఖం జూడనిదానివి, నాకు ఇంగ్లీషు నేర్పుతవా చెల్లె?"

"ఇంగ్లీషు నాకు రాదు. దొరసాని నాకు ఎర్క."

ఆ అరుపులకు హాస్టల్ పెద్ద టీచరమ్మ లోపలినుంచి వచ్చి, కాగితం అందుకుని చదివి, మామ వైపు వింతగా చూసింది. ఈమెను ఎంత పొగడినా తక్కువే అని దాని అర్థమనీ, పాతవాళ్లు అలా రాస్తారనీ అందరూ వినేలా చెప్పింది. మామ రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే, "గదే నేన్ జెప్పింది. వీళ్లే ఉల్టా అర్థం జేసుకున్నరు" అన్నాడు.

మరదలిని తీసేయలేక, అమ్మకు దుప్పట్లు ఉతికే పని ఇచ్చారు. నీళ్లలో నాని చేతులు పాడైపోయేదాకా అమ్మ ఆ పనే చేసింది. రోజూ ఆయన బల్ల ముందునుంచే పోయేది, ఒక్కనాడూ పలకరించలేదు.

చాలా ఏళ్ల తర్వాత ముసలివాడైన మామ దవాఖానా బెంచీ మీద నా పక్కన కూర్చున్నప్పుడు, ఆనాడు నిజంగా తెలియక చెప్పావా, తెలిసే చెప్పావా అని అడిగేశాను. "గా ముచ్చట గిప్పుడెందుకే బిడ్డా" అన్నాడు గాని, తెలవకుండె అన్న ఒక్క మాట ఆయన నోట రాలేదు. వచ్చి ఉంటే మా నాయన చావుతో సహా అంతా మింగి ఊరుకునేదాన్ని.

ఇప్పుడు మా వాడలో ప్రతి ఇంట్లో చదువుకున్న పిల్లలున్నారు. అర్థం కాకపోతే కాలేదని గొంతెత్తి చెప్పగలరు, ఎవరూ వాళ్లను చిన్నచూపు చూడరు. ఆ రోజుల్లో మేమంతా మా కాగితాలనూ మా బతుకులనూ ఒక్క మనిషి చేతిలో పెట్టి, తెలియదని చెప్పుకునే వీలు ఆయనకు లేకుండా చేశామేమోనని ఈ వయసులో అనిపిస్తున్నది. అనిపిస్తున్నదే గాని, ఆయన శవం మా ఇంటి ముందునుంచి పోయిన రోజు నేను గడప దిగలేదు, ఇప్పుడైనా దిగేదాన్నని చెప్పలేను.