బిల్జ్‌లో పెరుగు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదు. ఎలక్ట్రికల్ డిప్లొమా చేతికొచ్చి మూడు నెలలైంది, ఉద్యోగం ఇంకా రాలేదు. తెలిసినదాన్ని ఎక్కడా వాడే అవసరం పడలేదు కాబట్టి అది కొత్తగా, మెరుస్తూ ఉండేది. సూరత్‌లో మగ్గాల మోత మధ్యనే పుట్టి పెరిగిన నాకు ఉన్న భయం ఒక్కటే, ఆ మగ్గం ముందు నేనూ నిలబడాల్సి వస్తుందేమోనని. మా మామ (అమ్మకు అన్న) బమ్రోలి కార్ఖానాల్లో ముప్ఫై ఏళ్ళు మగ్గాల మోటార్లు బాగుచేసి, చివరికి ఒక పాత వ్యాను కొని, అందులో పడకలు, ఫ్యాను, చిన్న ఫ్రిజ్ బిగించి యాత్రలకు కిరాయికివ్వాలని కూర్చున్నాడు. కూర్చున్నాడనడం అన్యాయం. ఆయన ఎక్కడా కూర్చునేవాడు కాదు; అన్నం కూడా వ్యాను చుట్టూ తిరుగుతూ తినేవాడు.

"అల్లుడా, సదువుకున్నోనివి. బ్యాటరీ కరెంటుకు బ్రేకర్ల ప్యానెల్ నువ్వే జూసి తే. ఐతారం డుమాస్ దర్యా దాకా వోయొద్దాం. మల్లొచ్చేదాంక ఫ్రిజ్‌ల బర్ఫ్ గట్టిగుంటే నువ్వు నాకాడ పనోనివి. కరిగిందా, సోమారం జోల్వాకు వోయి మగ్గం వట్టుడే" అన్నాడు. ఆ జోల్వా మగ్గాల సేఠ్‌తో అప్పటికే మాట్లాడేశాడని తరువాత తెలిసింది.

బ్రేకర్ల ప్యానెల్ అంటే పెద్ద విషయమేం కాదు. బ్యాటరీలోని పన్నెండు వోల్టుల కరెంటును లైటుకింత, ఫ్యానుకింత అని పంచే పలక. ఏదైనా తన వాటా మించి లాగితే దాని మీట టక్కున పడిపోతుంది. అయినా రెండు వారాలు నాకు నిద్ర లేదు. ఫోన్‌లో ప్యానెళ్ళు చూడటం, ఒకటి ఖాయం చేయడం, పళ్ళు తోముకుంటూ మనసు మార్చుకోవడం. ఫ్రిజ్‌ది అరవై వాట్లు, ఇంచుమించు మా ఇంటి ఫ్యానంత. ఇంటి ఫ్యాను లాగేది పావు ఆంపియరు. కాబట్టి మూడు ఆంపియర్ల బ్రేకర్ దానికి రాజభోగమని తేల్చాను. (వోల్టులు తగ్గితే ఆంపియర్లు పెరుగుతాయనీ, పన్నెండు వోల్టుల దగ్గర అవే అరవై వాట్లు అయిదు ఆంపియర్లు లాగుతాయనీ పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. పరీక్ష అయిపోయింది కదా, మళ్ళీ ఎందుకనుకున్నాను.)

చివరికి నా మనసు దోచింది పడవల కోసం చేసిన ప్యానెల్. నల్లటి పలక, ఆరు మీటలు, ఎర్ర దీపాలు, ప్రతి మీట కింద ఇంగ్లిషు అక్షరాలు. అత్త వాటిని చదివించుకుంది.

"యాంకర్ లైట్" అన్నాను.

"అంటే, టీవీల మాట్లాడే యాంకరా?"

"కాదత్తా, పడవకు లంగరు..."

"నాకు దెల్సులే. గా లైటు నా సీటు మీద వెట్టు."

పెట్టాను. ఫ్రిజ్‌కు మామ తానే తీగ లాగాడు, బొటనవేలంత లావుది. "పన్నెండు వోల్టులకు మోకు కావాలా మామా?" అని నవ్వాను. ఆయన ఇంకో మూర కొలిచి కోశాడు. అప్పుడే అనుమానం రావాల్సింది.

ఆదివారం బయల్దేరాం. మామ నడుపుతున్నాడు, పక్కన అత్త, వెనక ప్యానెల్‌కు కాపలాగా నేను. పర్వత్ పాటియా దాటకముందే టక్. ఫ్రిజ్ మీట పడిపోయింది. ఎత్తాను. టక్. దగ్గుతూ ఎత్తాను, శబ్దం వినబడకుండా. టక్. డుమాస్ చేరేలోగా ఎన్నిసార్లు దగ్గానంటే, అత్త నాకు వాము తినిపించింది. మధ్యలో ఫ్రిజ్ తెరిచి చూస్తే బర్ఫ్ ముక్కల అంచులు గుండ్రబడుతున్నాయి. జోల్వా కళ్ళముందుకొచ్చింది.

డుమాస్ సముద్రం ఒడ్డున మామ వ్యాను ఆపి వెనక్కి వచ్చాడు. మగ్గాల మోతకు ఆయన చెవులు పోయాయని అత్త అంటుంది కానీ, ఆ చెవులకు టక్ ఒక్కటి మాత్రం వినబడుతుందని నాకెవరూ చెప్పలేదు.

"దగ్గు నీకా, ప్యానెల్‌కా?"

చెప్పేశాను. ఆయన మీటలన్నీ తడిమి, చివరిదాని దగ్గర ఆగాడు. "గీ పెద్దదేంది?"

"పదిహేను ఆంపియర్లది మామా. కానీ బిల్జ్ పంపుదని రాసుంది."

"మనకున్నదా పంపు?"

"లేదు."

"మరి ఎవని కోసం ఆపి వెట్టుకొని కూసున్నవ్‌రా?"

మీట కింద రాసుంది కదా అని, అంతే. ఇంగ్లిషు రాని మామ మెయిన్ బంద్ చేసి, ఫ్రిజ్ తీగ విప్పి అక్కడ బిగించి, మళ్ళీ చాలూ చేశాడు. ఫ్రిజ్ గుర్రుమంది. తీగను పిడికిట్లో పట్టుకుని కొంతసేపు నిలబడ్డాడు. ఆయన ఒకచోట నిలబడటం నేను చూడటం అదే మొదలు. "సల్లగనే ఉన్నది" అన్నాడు. తీగ అంత లావెందుకో అప్పుడు అర్థమైంది. సన్న తీగైతే పదిహేను ఆంపియర్ల మీట పడేలోపే కాలిపోయేది; దీని లావుకు తగ్గ మీట అదొక్కటే.

సాయంత్రం ఇంటిముందు మామ ఒక బర్ఫ్ ముక్క నోట్లో వేసుకుని కొరికాడు. కరకర శబ్దం వినబడేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.

"సోమారం?" అడిగాను.

"ఈడికే రా. గని రాసింది సదువకు. తీగ వట్టి సూడు."

ఇప్పుడు వ్యాన్లకు, పడవలకు ప్యానెళ్ళు ఎంచిపెట్టడమే నా బతుకు. ముందు ఆంపియర్లు లెక్కేస్తాను, తరువాత తీగ, ఆపైనే మీట. ఎక్కడ టక్‌మన్నా ఇప్పటికీ లేచి నిలబడి దగ్గుతాను. ఆ రోజు ఫ్రిజ్ చాలూ అయిన మీటను బట్టి, పడవల ఇంగ్లిషులో ఫ్రిజ్‌ను బిల్జ్ అంటారని అత్త నిర్ణయించేసింది. "అల్లుడా, బిల్జ్‌ల పెరుగున్నది, ఏసుకో" అంటుంది ఇవాళ్టికీ. పడవ అడుగున మురికి నీళ్ళు చేరే చోటును బిల్జ్ అంటారని ఆ ఇంట్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆనాటి డిప్లొమావాడైతే వెంటనే చెప్పేసేవాడు. నేను ఇంకో గరిటె వేసుకుంటాను.