కోసేసిన పడుగు

పక్కింటి మునస్వామన్న మగ్గానికి ఎక్కించాల్సిన పడుగును కత్తితో కోసింది నేనే.

మాది గుడియాత్తంలో లుంగీలు నేసే కుటుంబం. ఆ ఉదయం గుడ్లు పొదుగుతున్న మా కోడి మెడ వేలాడేసి, నోరు తెరుచుకుని ఎగపోస్తూ కనిపించింది. నీళ్లు పట్టినా మింగలేదు. ముందురోజే మునస్వామన్న, "నీ కోడి ఇంకోసారి నా పడుగు తొక్కనీ తంబీ, కోసి కొళంబు పులుసు పెట్టేస్తా" అన్నాడు. ఆ కోపంతో విషం పెట్టింది అతనేనని తీర్మానించుకున్నాను.

గంజి పెట్టి వీధి పొడవునా లాగికట్టిన అతని పడుగును ఒక్క వేటుకు కోసేశాను. పోగులు మట్టిలో పడుతుంటే నా కసి తీరింది.

తర్వాత కోడిని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ దాని మెడ కింద మేతసంచి కోసి నూలు ఉండ బయటికి తీసింది.

"ఏమప్పా, కోడికి నూలు మేపుతా ఉండావా?"

ఆ ఎరుపూ పచ్చా మా మగ్గానివే. గుడ్లకు మెత్తగా ఉంటుందని గంపలో తుక్కునూలు పరిచింది నేనే.

తిరిగొచ్చి మునస్వామన్నకు అంతా చెప్పాను. చెయ్యెత్తాడు, మళ్లీ దించేశాడు.

"నిన్ను కొడితే పోగులు అతుక్కుంటాయా? కూచోని ముడెయ్యి."

పొదుగు ఆగి గుడ్లన్నీ చెడిపోయాయి, కోడి మాత్రం బతికింది. దానికి చుక్కచుక్కగా గంజినీళ్లు పడుతూ, నా మగ్గం ఆపేసి, మూడు రోజులు అతని పోగులు ముడివేశాను. మునస్వామన్న నేను వేసిన ప్రతి ముడినీ లాగి చూశాడు.