మౌలూద్ కొంగలు

ఉద్యోగం చేసినన్నాళ్ళూ రోడ్డు తప్ప మరోవైపు చూడని బస్సు డ్రైవరు మౌలూద్, రిటైరయ్యాక తల దించడం మానేశాడు. పొద్దున్నే పుదీనా టీ గ్లాసుతో డాబా ఎక్కేవాడు. చలికాలంలో నీళ్ళ తొట్టి చుట్టూ తోకలాడించే జిట్టంగి పిట్టలు, ఎండలు ముదిరితే పక్కింటి అంజూర చెట్టు మీద పికిలిపిట్టలు. ఇక వాళ్ళ ఊరు తారుదాంత్‌లో కోట బురుజు మీద గూడు కట్టే కొంగలైతే సొంత చుట్టాలే.

భార్య ఇజ్జా ఊరుకునేది కాదు. తను తొడుక్కున్న కొత్త కఫ్తాను గౌను రంగేమిటో చెప్పమంటే నీళ్ళు నమిలే మనిషి, పిచ్చుకల్లో మగదేదో ఆడదేదో ఇట్టే చెప్పేస్తాడని వీధంతా చాటేది.

ఒక ఫిబ్రవరిలో బురుజు పక్కన వింత పిట్ట దిగిందన్నాడు మౌలూద్. తెల్లగా, పెద్దగా ఉందట. తపస్సు చేస్తున్నట్టు కదలడమే లేదట. మంగలి హమ్మాదిని దుకాణం మూయించి మరీ డాబా మీదికి లాక్కొచ్చాడు. హమ్మాది చాలాసేపు చూశాడు. పాత స్నేహితుడి మనసు నొప్పించడం ఇష్టం లేక గొంతు సవరించుకున్నాడు.

"దాని రెక్క మీద పిండి మిల్లు పేరు రాసుంది, మౌలూద్."

ఇజ్జా కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. అంత పెద్ద అక్షరాలు ఈయనకు కనబడలేదా? గుచ్చి గుచ్చి అడిగితే బయటపడ్డాడు. శుక్లాలు కమ్మి కళ్ళు మసకబారి చాలాకాలమైందట. ఆపరేషన్ వికటిస్తే ఆ మసకైనా మిగలదేమోనని భయమట.

"ఖాళీ పిండి సంచికి సలాము కొట్టే మొగుడితో ఎలా వేగను? పద," అని అగాదీర్ ఆసుపత్రికి బయల్దేరదీసింది.

ఆపరేషన్ చేసి కంటికి కట్టు కట్టి, మెట్లెక్కొద్దన్నాడు డాక్టరు. సరిగ్గా అప్పుడే బురుజు మీద గుడ్లు పగిలి పిల్లలయ్యే రోజులు. మౌలూద్ బతిమాలగా బతిమాలగా, ఇజ్జా సణుక్కుంటూ పైకెళ్ళి వచ్చింది.

"ఒకటి గూట్లో కూచుంది. ఇంకోటి నిలబడింది."

"మగదేది?"

"పనీపాటా లేకుండా ఆకాశం చూస్తున్నదే అయ్యుంటుంది."

చూసింది అంతేనా అని మౌలూద్ విసుక్కున్నాడు. మర్నాడు ఆమె ఇంకొంచెం సేపు చూసింది. ఆ మర్నాడు కూర్చోవడానికి పీట తీసుకెళ్ళింది. ఒక మధ్యాహ్నం పొయ్యి మీద బాకలా చిక్కుడు గింజల బిస్సారా జావ మాడి ఇల్లంతా వాసన కొట్టింది. గోడ తడుముకుంటూ మెట్ల దాకా వచ్చి పిలిచాడు మౌలూద్.

"ఉండు," అంది పైనుంచి. "ఎండకు పిల్లలు నోళ్ళు తెరిచాయి. తల్లి ముక్కుతో నీళ్ళు తెచ్చి పోస్తోంది."

అతను మరి పిలవలేదు. ఆమె దిగి వచ్చేదాకా కింది మెట్టు మీదే కూచున్నాడు. ఆ పూట ఇద్దరూ మాడిన బిస్సారానే రొట్టెతో తిన్నారు, దాని మీద ఆలివ్ నూనె కాస్త ఎక్కువ పోసుకుని.

కట్టు విప్పాక మౌలూద్ డాబా ఎక్కితే లోకమంతా కడిగి ఆరేసినట్టుంది. గూట్లో మూడు పిల్లలున్నాయన్నాడు.

"నాలుగు," అంది ఇజ్జా. "చిన్నది తల్లి వెనకాల నక్కింది. అది పిరికిది, నీలాగే."

మౌలూద్ వంగి చూశాడు. నిజమే, నాలుగు.

అప్పట్నుంచి డాబా మీద రెండు పీటలు. ఇప్పుడా ఇంట్లో ఒక్కటే తగాదా: కిందికి వెళ్ళి టీ పెట్టేదెవరని.