పక్కింటి క్రోకస్‌లు

పక్కింటావిడ వచ్చేదాకా అమెరికాలో ఈ బెంటన్‌విల్‌లో మా తెలుగువాళ్లకి తోట అంటే నేనే. వేసవిలో శనివారం వచ్చిందంటే మా డ్రైవ్‌వేలో కార్లు ఆగేవి. గోంగూర, దోసకాయలు, దొండకాయలు, కరివేపాకు కవర్లలో వేసి పంపించేదాన్ని. నన్ను గోంగూర అక్క అనేవాళ్లు. పైకి "ఛ, ఏం పేరది" అనేదాన్ని కానీ లోపల ఎంతో ఇష్టంగా ఉండేది. అంతకుముందు జెర్సీ సిటీలో మేఘాల్లో వేలాడుతున్నట్టుండే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. అక్కడ నా తోటంతా ఒక్క తులసి కుండీ, అదీ ప్రతి డిసెంబర్‌లో ఎండిపోయేది. మా ఆయన ప్రాజెక్ట్ ఇక్కడికి మారాకే నా కాళ్ల కింద నాదంటూ నేల వచ్చింది.

ఆవిడ మా పక్కింట్లో దిగింది. కరీంనగర్ వాళ్లు. నాకంటే ఐదారేళ్లు చిన్న. వాళ్లాయనా మా ఆయనా ఒకే ఆఫీస్‌లో కాంట్రాక్టర్లు. రెండిళ్ల పిల్లలూ ఒకే స్కూల్, వంతులేసుకుని దింపేవాళ్లం. వచ్చిన మొదటి అక్టోబర్‌లో ఒకరోజు లాన్‌లో గొంతుక్కూచుని, గడ్డిలో గునపంలాంటి దానితో పొడుచుకుంటూ పోతోంది. ఏమిటని వెళ్లి చూశాను. బుట్టనిండా సాంబారు ఉల్లిపాయల్లాంటి గడ్డలు, పైన గోధుమరంగు పీచు.

"బల్బులు అక్కా, క్రోకస్‌లు. ఫిబ్రవరిల పూస్తయి."

"ఫిబ్రవరిలోనా? ఇక్కడా?" అన్నాను. బెంటన్‌విల్ ఫిబ్రవరి సంగతి నాకు తెలుసు. లాన్లన్నీ తడిసిన గోనెసంచుల్లా ఉంటాయి. పాపం కొత్త కదా అనుకుంటూ ఒక నవ్వు నవ్వి, ఆ ఏటి ఆఖరి గోంగూర ఒక కవర్‌లో వేసి ఇచ్చి వచ్చేశాను.

నేను ఇంటినుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. నా డెస్క్ ముందున్న కిటికీలోంచి కనిపించేది ఆవిడ లాన్ ఒక్కటే. ఫిబ్రవరిలో ఒక పొద్దున మీటింగ్‌లో ఎవరో ఏదో చెబుతుంటే తలెత్తి చూశాను. చచ్చిపోయిన గడ్డి మధ్యలోంచి ఊదారంగు పైకి తేలి ఉంది. ఆకుల కంటే పువ్వే ముందు వచ్చినట్టుంది. అగ్గిపుల్లంత కాడ మీద చిన్న దీపపు సెమ్మెలాంటి పువ్వు, నడుమ నారింజరంగు కేసరం. ఎండ వస్తే అన్నీ ఒక్కసారి విచ్చుకున్నాయి, మబ్బు పట్టగానే ముడుచుకున్నాయి. మీటింగ్‌లో నన్ను ఏదో అడిగారు. రెండోసారి పిలిస్తేగానీ వినపడలేదు.

అందంగా ఉన్నాయి. ఆ మాట అనుకోవడానికి నాకు మనసొప్పలేదు. నా వైపు చూస్తే మొన్నటి దొండ పందిరి, ఎండిన తీగలు, బోర్లించిన కుండీలు.

ఆ వారమే ఒక పిల్లాడి బర్త్‌డే పార్టీకి వెళ్లాం. అప్పటికే వాట్సాప్ గ్రూప్‌లో ఆవిడ ఫోటోలు అందరూ చూశారు. కేక్ కూడా కోయలేదు, ఆవిడ చుట్టూ మూగారు. ఇండియానుంచి వచ్చిన ఒక పెద్దావిడ, "అమ్మాయ్, అది కుంకుమపువ్వేనా? పాలల్లో వేసుకోవచ్చా?" అని అడిగింది.

"కాదు ఆంటీ, దానికి చుట్టం. చూసుడుకే గానీ తినేటందుకు కాదు" అంది ఆవిడ. అందరూ నవ్వారు. ఎంత లోతు పెట్టాలి, ఏ నెలలో పెట్టాలి, నీళ్లు పోయాలా అని ప్రశ్నలు. నిరుడు అవే మొహాలు దొండపాదు గురించి నన్ను అడిగాయి. నేను ప్లేట్‌లో సమోసా పెట్టుకుని గోడవారన నిలబడ్డాను. ఆ సాయంత్రం దొండపాదు మాట ఎవరూ ఎత్తలేదు.

ఇంటికి వస్తూ కార్‌లో మా ఆయనతో అన్నాను, "ఈసారి నేనూ పెడతాను. అంత సన్నవి కాదు, పెద్దవి."

"ఎందుకు, కిటికీలోంచి ఫ్రీగా కనిపిస్తున్నాయిగా" అన్నాడాయన. నేను ఫోన్ తీసి బల్బుల రకాలు వెతకడం మొదలుపెట్టాను.

అక్టోబర్ కోసం ఎదురుచూశాను. ఆవిడవి సన్నటి లేత ఊదావి కాబట్టి నేను ఏరి ఏరి లావుపాటి రకం తెప్పించాను. తెల్లటి రేకుల మీద ముదురు ఊదారంగు చారలు, ఎవరో కలంతో గీసినట్టు. ఆ రకం మా వీధిలో ఎవరి దగ్గరా లేదు. మెయిల్‌బాక్స్ చుట్టూ, కార్‌లో పోయేవాళ్లకి కూడా కనిపించేలా పెట్టాను. మట్టి మెత్తగా చేసి, మొన పైకి ఉండేలా ఒక్కొక్కటే దింపాను. మధ్యలో కాసిని నీలిరంగు ద్రాక్షగుత్తుల్లా పూసే గడ్డలు కూడా వేశాను. మర్నాడు అక్కడక్కడా గుంటలు కనిపించాయి. ఉడుతలు గీకి ఉంటాయనుకుని మట్టి సర్ది, మీద అరచేత్తో తట్టి లోపలికి వచ్చాను. ఈ ఊరి ఉడుతలు మన ఉడుతల్లా కాదు. పిల్లి అంత ఉంటాయి, వీపు మీద రాముడు నిమిరిన చారలూ ఉండవు.

ఫిబ్రవరి వచ్చింది. పక్కింట్లో నిరుటికంటే ఎక్కువ పూశాయి. నా మెయిల్‌బాక్స్ దగ్గర నీలిపూల గడ్డల ఆకులు నాలుగు పోచలు తప్ప ఏమీ లేదు. రోజూ పొద్దున్నే స్వెట్టర్ మీద కోటు వేసుకుని వెళ్లి వంగి చూసేదాన్ని. మెయిల్ కోసం వచ్చానన్నట్టు ఖాళీ డబ్బా తెరిచి మూసేదాన్ని.

ఒకరోజు గ్రూప్‌లో ఆవిడ కొత్త ఫోటో పెట్టింది. వాళ్ల మేపుల్ చెట్టు మొదట్లో ఒక గుంపు. తెల్లటి రేకులు, ఊదారంగు చారలు. కింద రాసింది, "నేను పెట్టనే లేదు, వాటంతట అవే వచ్చినయ్! గాడ్స్ గిఫ్ట్!" దాని కింద హార్ట్‌లే హార్ట్‌లు.

కిటికీ దగ్గరికి పరుగెత్తాను. అవి నావి. నా చేతులతో మొన చూసి దింపినవి.

మా ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఉడుత తీసుకెళ్లి అక్కడ దాచుకుందన్నమాట. దానికి ప్రాపర్టీ లైన్ ఏం తెలుసు?"

"నవ్వకండి."

"సరే, వెళ్లి అడుగు. ఏమని అడుగుతావు?"

ఏమని అడగాలో తెలియకుండానే వెళ్లాను. తలుపు తీయగానే ఆవిడ సంతోషంగా, "ఫోటో చూసినవా అక్కా?" అంది.

"చూశాను. అవి నావి."

ఆవిడ నవ్వింది. నేను నవ్వకపోయేసరికి ఆగింది. "నీవంటే?"

"నేను అక్టోబర్‌లో పెట్టాను. చారలవి. ఉడుతలు తవ్వి మీ చెట్టు కింద పెట్టాయి."

"ఉడుతలు పూలచెట్లు పెడతయా అక్కా? ఎవరన్న వింటే నవ్వుతరు."

"మరి వాటంతట అవే వచ్చాయంటే నవ్వరా?"

ఆవిడ మొహం మారింది. "అంటే నేను దొంగతనం చేసిన్నంటున్నవా?"

"అలా అనలేదు. గ్రూప్‌లో ఒక మాట రాస్తే బాగుంటుందని."

"నా లాన్‌ల పూసినయ్ అక్కా. నేనేం రాయాలె?" అని, స్టవ్ మీద పాలున్నాయంటూ తలుపు వేసేసింది. పాల వాసన మాత్రం రాలేదు.

ఆ తర్వాత పిల్లల్ని స్కూల్‌కి ఒకరోజు ఆవిడా ఒకరోజు నేనూ దింపడం మానలేదు కానీ, మాటలు మాత్రం కార్ డోర్ దగ్గర "థాంక్స్", "ఓకే" వరకే. వేసవిలో మా గోంగూర నడుమెత్తు పెరిగింది. అందరూ వచ్చారు, ఆవిడ రాలేదు. ఇండియన్ స్టోర్‌లో వడలిపోయిన కట్ట కొనుక్కుంటుంటే చూశానని ఎవరో చెప్పారు. నాకు కోపం రావాలి, లేదా జాలి వేయాలి. రెండూ కాలేదు. నా తోట ఆవిడకి అక్కర్లేకపోయిందే అనిపించింది. ఆవిడ తోట మీద నుంచి నేను కళ్లు తిప్పుకోలేకపోతుంటే, ఆవిడ నా తోటని వద్దనుకుని హాయిగా ఉంది. ఓర్వలేకపోయాను.

మళ్లీ అక్టోబర్‌లో అదే చారల రకం తెప్పించాను. మెయిల్‌బాక్స్ దగ్గర కాకుండా ఈసారి ఇంటి పక్కగోడ వెంబడి, పగలంతా ఎండ పడే చోట పెట్టాను. అది సరిగ్గా ఆవిడ వంటింటి కిటికీకి ఎదురుగా ఉంటుంది. కావాలనే అక్కడ పెట్టాను.

రెండ్రోజులకి మధ్యాహ్నం లంచ్ బ్రేక్‌లో ఫోన్ మోగింది. ఆవిడే. గుసగుసగా, "అక్కా, మా ఇంటికి రా. వెనక డోర్‌కెల్లి రా. చప్పుడు చెయ్యకు."

వెళ్లాను. వంటింటి కిటికీ దగ్గర నన్ను చెయ్యి పట్టి నిలబెట్టింది. మా గోడ పక్కన ఒక ఉడుత ముందుకాళ్లతో మట్టి చిమ్ముతోంది. ఒక గడ్డని పైకి లాగింది. చేతుల్లో తిప్పితిప్పి పీచు ఒలిచి, నోట కరుచుకుని, గడ్డి దాటి నేరుగా మేపుల్ చెట్టు మొదట్లోకి వచ్చింది. గుంట తీసి, అందులో పెట్టి, మూతితో నొక్కి, పైన ఆకులు కూడా సర్దింది. నేనంత శ్రద్ధగా పెట్టానో లేదో.

ఆవిడ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "ఉడుతా భక్తి అంటరు గదక్కా. గిదేనేమో."

"భక్తి నీ మీద. నా మీద కాదు" అన్నాను. నాకూ నవ్వొచ్చింది.

అప్పుడావిడ నవ్వు ఆపి, "తప్పు నాదే. ఆ రోజు నిన్ను నమ్మలే. ఎనుకట నువ్వు గోంగూర తెచ్చి ఇచ్చినప్పుడు నవ్విన నవ్వు గుర్తొచ్చి, నా పూలు చూసి ఓర్వలేక అంటున్నవనుకున్న" అంది.

ఓర్వలేకే అన్నాను. అన్న మాట నిజం కావడం వేరే సంగతి. అది నేను చెప్పలేదు.

టీ పెట్టింది. తను పెట్టిన సన్నరకం ఉడుతలకి అంతగా నచ్చదట, నేను తెప్పించిన లావురకమైతే వాటికి విందు భోజనమట. పెద్దవి కావాలని నేను పడ్డ తాపత్రయమంతా ఉడుతల పాలైందన్నమాట. ఆ సాయంత్రం తనే కోళ్లగూళ్లకి కొట్టే ఇనుప జాలీ చుట్ట ఒకటి తెచ్చింది. ఇద్దరం కటింగ్ ప్లేయర్‌తో కోసి, గడ్డల మీద పరిచి, పైన మట్టి కప్పాం. ఆకులు ఆ కన్నాల్లోంచే వస్తాయంది. చేతులనిండా గీతలు పడ్డాయి.

"మా చెట్టు కిందివి తవ్వి ఇయ్యాల్నా?" అంది మాటవరసకి.

"ఇవ్వు" అన్నాను. ఆవిడ ఒక్కక్షణం నా మొహం చూసి, వెళ్లి తవ్వుకొచ్చింది. అన్నీ దొరకలేదంది. దొరకలేదో, తవ్వలేదో.

ఆ ఫిబ్రవరిలో మంచు బాగా పడింది. మా పక్కగోడ ఎండకి వెచ్చబడి అక్కడ ముందే కరిగిపోయింది. ఆవిడ లాన్ మాత్రం వాళ్ల ఇంటి నీడలో తెల్లగానే ఉంది. ఒక పొద్దున బయటికి వచ్చేసరికి గోడ పొడుగునా చారల పువ్వులు. అన్నీ ఒకేసారి నోళ్లు తెరిచినట్టు విచ్చుకుని ఉన్నాయి. ఒక తేనెటీగ కూడా వచ్చింది. ఆ చలిలో ఎక్కణ్ణుంచి వచ్చిందో. నేను అలాగే నిలబడిపోయాను.

వంటింటి తలుపు తెరుచుకుంది. ఆవిడ నైటీ మీద జాకెట్ వేసుకుని, కాఫీ మగ్‌తో వచ్చింది. పువ్వులు చూసింది. తర్వాత తన లాన్‌లో మంచు వైపు చూసింది. మళ్లీ పువ్వుల వైపు.

"ఎప్పుడు పూసినయ్?"

"ఇవాళే."

"అన్నీ ఇయ్యాల్నేనా?"

"అన్నీ ఇవాళే."

"మస్తున్నయ్ అక్కా" అంది. మాట బాగానే ఉంది కానీ పెదాలు ఆ మాటకి సరిగ్గా సాగలేదు. ఆ మొహం నాకు బాగా తెలుసు. ఆ బర్త్‌డే పార్టీలో గోడవారన నేను అదే మొహంతో నిలబడ్డాను. ఆవిడ ఫోన్ తీసి ఒక ఫోటో తీసుకుని, కాఫీ చల్లారిపోతోందంటూ లోపలికి వెళ్లింది.

ఆ ఫోటో గ్రూప్‌లో పెడుతుందేమోనని సాయంత్రం దాకా చూశాను. పెట్టలేదు. చివరికి నేనే తీసి పెట్టాను. హార్ట్‌లు, చప్పట్లు, అబ్బా అక్కా అంటూ వరస కట్టారు. ఇండియా తిరిగి వెళ్లిపోయిన ఆ పెద్దావిడ కూడా అక్కణ్ణుంచి, మళ్లీ పాలల్లో వేసుకోవచ్చా అని అడిగింది. పక్కింటినుంచి మాత్రం ఆలస్యంగా ఒక్క బొటనవేలు వచ్చింది. పక్కన మాటా లేదు, హార్టూ లేదు.

నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మా ఆయనకి ఆ రాత్రి పెసరట్లు వేశాను.