కొసరుగా వచ్చిన కుళ్ళు

ఆ రోజుల్లో ప్రొద్దుటూరు బట్టల బజారులో నా అంత బేరగాడు లేడని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. రుజువు కావాలా? జనం మందులు కొని పోగొట్టుకునే తెగులును నేను కొసరుగా సంపాదించాను. ఇరవై మూడేళ్ళ వయసులో స్ట్రాబెర్రీ పండిస్తానని బయలుదేరితే, తొండూరులో మా మామ తాను టమాటా నారు పోసి అమ్ముకునే షేడ్‌నెట్ పందిరిని ఒక చలికాలానికి నాకు వదిలేశాడు. (ఆయనకు ఆ నారే ఆదాయం.) పులివెందుల నర్సరీలో నాలుగు వందల మొక్కలు బేరమాడాక, పక్కన విడిగా పెట్టిన ట్రే ఒకటి కంటపడింది.

"అది ముట్టొద్దప్పా. మొదలు మెత్తబడింది, పారేస్తాండా" అన్నాడు నర్సరీ ఆయన.

"పారేసేదేదో నా సంచిలో పారెయ్యప్పా. కొసరు లేకుండా మేము యాడన్నా లేచినామా?"

అలా నలభై వచ్చాయి. మా బట్టల అంగట్లో పాత చీరను కొత్త చీరల మధ్య మడత పెట్టినట్టే, వాటిని మంచి మొక్కల నడుమ ఒక్కొక్కటిగా నాటాను. పైగా గట్టిగా నిలబడాలని నడిమి చిగురు మొవ్వు దాకా మన్ను కప్పి, సాయంత్రం పైనుంచి నీళ్ళు చల్లాను. పదిరోజులకు మామ వచ్చాడు.

"ఇది వాలింది ఏందిరా?"

"ప్రయాణం బడలిక మామా."

ఆయన మొక్క పెరికి, దాని మొదలును కత్తితో చీల్చాడు. లోపల ఎర్రగా కుళ్ళి ఉంది. "మొవ్వు పైకుండాల. నీళ్ళు పొద్దున, అదీ వేరుకే. వాలినవన్నీ పెరికి కాల్చు, చుట్టూ రెండేసి చెట్లు కూడా. మిగిలినవాటికి రాగి మందు పొయ్యి."

"మంచివి కూడానా? మా నాయన ఇంతవరకు ఒక్క చీర పారెయ్యలేదు మామా!"

"చీర పక్క చీరకు తెగులు అంటిస్తాదిరా?"

అయినా బేరం మానలేదు. రెండేసి కాదు ఒక్కొక్కటే పెరుకుతానని ఆయన్ను ఒప్పించాను. తెగులు మాత్రం ఒప్పుకోలేదు. నెల తిరిగేసరికి ఆయన చెప్పినదంతా చేశాను, కానీ అప్పటికి చేయడానికి మొక్కలే తక్కువ.

ఉన్నదున్నట్టు లెక్క ఇది. నాటినవి నాలుగు వందల నలభై. కాల్చినవి మూడు వందల డెబ్భై ఒకటి. బతికినవి అరవై తొమ్మిది. పండ్లు రెండున్నర కిలోలు, అందులో కిలో ఇంట్లోనే తినేశాం. మామకు పోయింది ఒక కాలం నారు మొత్తం. దాని ఖరీదు ఆయన అడగలేదు. అడగలేదు కదా అని, ఆ వయసులో నేనూ ఊరుకున్నాను.